మరొకపాలి సెప్పండమ్మా

పాత ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులన్నీ శుభ్రం చేసి యాప్‌లో పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చింది. అరకు అవతల, పాడేరు అవతల సిగ్నల్ అందని ఊళ్ళ పిల్లలు సంతరోజు కిందికి దిగినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటికెళ్ళి తీరిగ్గా వినొచ్చన్నారు. దూరవిద్యలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నాను, ఇంత తెలివైన ఆర్డరు రావడం అరుదు. అర్థశాస్త్రం పాఠాలు నావి. ఈ సంగతి సంబరంగా మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒకమ్మాయి మాత్రం నాకు విడిగా రాసింది.

"మేడమ్, అందులో మా నాన్న మాట ఉంటుందా? మా దగ్గర ఇంకెక్కడా లేదు."

రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు మధురవాడలో మా అపార్ట్‌మెంటుకి రెండు వీధుల అవతలున్న ఎడిటింగ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయి చురుకైనది. నేను కూర్చోకముందే మొదలుపెట్టింది.

"పాఠం సూపరుంది మేడమ్. కాకపోతే ఎవరో అంకుల్ మాటిమాటికీ అడ్డొస్తున్నారు. వెనకాల సుత్తి మోతలు, ఇంజన్ల గోల. ఆయన మైకొచ్చిన ప్రతి చోటా కోసేస్తాను. మీరు ఆయనకి సమాధానం చెప్పిన ముక్కలు కూడా పోతాయి. పర్లేదు కదా?"

హెడ్‌ఫోన్స్ నా తలకి తగిలించింది. చెక్క మీద సుత్తి దెబ్బలు వినపడ్డాయి. డిమాండు సూత్రం నిర్వచనం చదువుతున్న నా గొంతు వినపడింది. అది ముగియగానే ఆయన.

"మరొకపాలి సెప్పండమ్మా."

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, ఇప్పుడే ఏమీ కొయ్యొద్దని చెప్పి లేచొచ్చేశాను.

ఆయన పేరు నాకు తెలియదు. క్లాసు తెర మీద ఆయన గడి కింద పేరుండే చోట ఏదో ఫోన్ కంపెనీ పేరు, పక్కన ఒక అంకె ఉండేవి. కొత్త ఫోన్లో పేరు మార్చుకోనివాళ్ళకి అలాగే వస్తుంది. రెండేళ్ళపాటు వారానికి నాలుగు సాయంత్రాలు ఆ మనిషిని చూశాను. అయినా ఎదురుగా వస్తే మొహం కంటే ముందు గడ్డం కిందిభాగమే గుర్తుపట్టేదాన్ని. ఫోన్ని ఏ ఐసు డబ్బాకో ఆనించి నేల మీద పెట్టేవాడు. కెమెరా ఆపడం తెలియదు. అందుచేత మాకందరికీ తెల్లగా మాసిన గడ్డం, దాని మీద రెండు ముక్కుపుటాలు, పైన ఫిషింగ్ హార్బర్ ఆకాశం, ఒక్కోసారి బోటు జెండా కనిపించేవి. మిగతా పిల్లలు కెమెరాలు ఆపేసుకుని నల్లటి గళ్ళల్లో దాక్కునేవారు. తెర మొత్తం మీద ప్రాణమున్న గడి ఆయనదొక్కటే.

మొదటి రోజు హాజరు తీసుకుంటూ ఆ ఫోన్ పేరు దగ్గర ఆగి రోల్ నంబరడిగాను. కాగితం విప్పిన చప్పుడైంది. కూడబలుక్కుంటూ ఒక్కో అంకే చదివాడు. నా జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఉన్నది ఆడపిల్ల పేరు.

"ఇది అమ్మాయి నంబరు కదండీ?"

"ఔనమ్మా. మా గుంటదే. డూటీకెల్నాది."

"మరి మీరు?"

"దాని బదులు నాను ఇంటన్నాను కదమ్మా."

తెర నిండా నవ్వు బొమ్మలు లేచాయి. గాజువాక నుంచి చేరే ఒక కుర్రాడు "అంకుల్‌కి డిగ్రీ ఇచ్చేయండి మేడమ్" అని రాశాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎక్కడో గుచ్చుకుంది. దానికి కారణం చెప్పాలి.

మాది శ్రీకాకుళం అవతల పల్లెటూరు. మా నాన్న వ్యవసాయం చేసేవాడు. మా ఇంట్లో అందరం 'నాను' అనే అంటాం, 'ఏటి' అనే అంటాం. చదువుకోవడానికి విశాఖ వచ్చిన కొత్తలో హాస్టల్ పిల్లలు నా మాటని వెక్కిరించిన రోజు నుంచి ఆ భాషని ఇంటికే పరిమితం చేశాను. క్లాసులో అచ్చంగా పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడతాను. అలాంటి క్లాసులో ఈయన నోరు తెరిస్తే మా నాన్న మట్టికాళ్ళతో వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నట్టుండేది. మా నాన్నంటే నాకు ప్రాణం. కానీ క్లాసులోకి మాత్రం రాకూడదు.

హాజరు వెయ్యడం కుదరదని ఆ రోజే చెప్పేశాను. ఆ వారంలోనే ఆయన మద్దిలపాలెంలో మా స్టడీ సెంటరుకి వచ్చాడు. వెంట కూతురు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. బోటు మీద వల లాగే వించి తాడు కాలికి చుట్టుకున్నప్పట్నుంచి వేటకి వెళ్ళడం మానేసి, ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తున్నాడట. ఆ అమ్మాయిది రొయ్యల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా షిఫ్టు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. క్లాసులు సరిగ్గా ఆ వేళప్పుడే. రికార్డింగులు తర్వాత పెడతామని మేం చెప్పిన మాట నిజమే గానీ, అవి ఎక్కడో సర్వరులో పడి ఉండిపోయాయి.

ఆయన ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇదెందుకండీ?"

"ఒకే ఇల్లు అని సూపించడానికమ్మా. రేసన్ సాపుకి ఇంటికొకలు ఎల్తే అందరి బియ్యం ఇయ్యరా? మా బోట్ల మీదా అంతే. కాలిలా అయిపోనాది, నాను బోటెక్కలేను. నా వలెక్కితే సాలు, వాటా ఇంటికొచ్చెత్తాది. సదువుకి మాత్రం ఏటమ్మా? గుంట తరపున నాను కూకుంతాను. ఇన్నది ఇన్నట్టు అట్టుకెల్లి దానికి సెప్పెత్తాను."

పక్క బల్ల గుమాస్తా ఫక్కున నవ్వాడు. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ, "నాన్నా, ఇంక సాలు, ఎల్లిపోదాం" అని చొక్కా లాగింది. సిగ్గుతో చెవులు కందిపోయాయి ఆ పిల్లకి. ఆ సిగ్గు ఏ రకందో నాకు బాగా తెలుసు. అందుకే ఆ పిల్ల వైపు చూడలేకపోయాను.

చదువుకి అలా కుదరదని, ఎవరి చదువు వాళ్ళే చదువుకోవాలని వివరించాను. హాజరు మార్కులు రావు, కానీ అసైన్‌మెంట్లు అమ్మాయి స్వయంగా రాసిస్తే పరీక్షకి కూర్చోనిస్తాం అన్నాను. అర్థశాస్త్రం ఇప్పటికే ఒకసారి తప్పింది, ఈసారి తప్పితే ఇక చదవనంటోంది అని చెప్పాడాయన. అయినా వదలకుండా అడిగాడు.

"మరి ఇనడానికి అడ్డు లేదు కదమ్మా?"

"వినండి. కానీ మైక్ ఆపుకుని వినాలి."

"మైకు బొమ్మ మీద ఎర్రగీత ఉంటే ఆగినట్టా, నడుత్తన్నట్టా?"

చూపిద్దామని ఫోను చేతిలోకి తీసుకునేసరికి నా ఫోను మోగింది. అమ్మ. కిటికీ దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి, "నాను సెంటర్లో ఉన్నానే, సాయంత్రం సేత్తాను" అని పెట్టేశాను. వెనక్కి తిరిగేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. మొహమంతా విప్పారింది.

"తమరిదే ఊరమ్మా?"

"ఇక్కడే. వైజాగే" అన్నాను.

ఆయన తలూపాడు. రేషన్ కార్డు కవర్లో పెట్టుకున్నాడు. మరో ప్రశ్న వెయ్యలేదు. ఎర్రగీత సంగతి ఇద్దరం మర్చిపోయాం.

అప్పట్నుంచి ఆ మైక్ ఎప్పుడూ తెరిచే ఉండేది. నేను "నమస్కారం, మొదలుపెడదాం" అనగానే ఆయన చేతిలోని వల కుట్టే సూది కింద పెట్టి, రెండు చేతులూ జోడించేవాడు. ఆ ఊపుకి వల కదిలి ఫోను తరచూ వెల్లకిలా పడేది. అప్పుడిక క్లాసంతా మాకు ఆకాశమే. నైలాన్ దారం పళ్ళతో పట్టుకుని కొరకడం ఆయనకి అలవాటు. నాతో మాట్లాడేముందు మాత్రం ఆ దారం ముక్క పక్కకి ఊసి, నోరు తుడుచుకుని మరీ మాట్లాడేవాడు. 'అర్థమైందా' అని క్లాసులో ప్రతి మాస్టారూ అడుగుతారు, ఎవరూ జవాబు చెప్పరు. ఆయన చెప్పేవాడు. "నేదమ్మా" అనేవాడు నిక్కచ్చిగా. తర్వాత ఆ మాట వచ్చేది. మరొకపాలి సెప్పండమ్మా.

నిర్వచనాలు చెప్పేటప్పుడు నా వెనకే గొణిగేవాడు. 'ఇతర అంశాలు యథాతథంగా ఉన్నప్పుడు' అని నేనంటే, 'ఇతరంసాలు ఎతాతతంగా' అని అటునుంచి వచ్చేది. ముడి బిగించే చప్పుడు కూడా వచ్చేది. మాటకో ముడి. ముడి పడేదాకా ఆ మాట వదిలేవాడు కాదు. నేను రెండో వాక్యంలోకి వెళ్ళిపోతే మళ్ళీ ఆపేవాడు. యథాతథంగా అన్న మాట దగ్గరే ఎన్నో సాయంత్రాలు పోయాయి. పిల్లలు విసుక్కునేవారు. "అంకుల్, ప్లీజ్ మ్యూట్" అని వరసగా రాసేవారు. ఆయనకి అది చదవడం రాదు. చదవలేడని నాకు తట్టలేదు. పట్టించుకోవడం లేదనే అనుకున్నాను.

ఒకరోజు మా పెద్ద సారు చూసి వెళ్ళడానికి క్లాసులో చేరారు. నేను ఇంకాస్త పుస్తకంలా మాట్లాడుతున్నాను. అటు ఐసు దించే లారీ వెనక్కి వస్తోంది కాబోలు, ఒకటే కూత. మధ్యలో ఎవరో ఎవర్నో బూతులు తిడుతున్నారు. ఆ గోలలోంచి ఈయన "మరొకపాలి" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అంకుల్, ఇదేం చేపల బజారు కాదు. మీ ఒక్కరి కోసం క్లాసంతా ఆపాలా?" అన్నాను.

బళ్ళో ఏ మాస్టారైనా అల్లరి చేసే పిల్లల్ని అనే మాటే. ఆయన దారం ఊశాడు. నోరు తుడుచుకున్నాడు.

"ఔనమ్మా, సేపల బజారు అవతలుంది. ఇది వలలు కట్టే సోటు. తప్పైపోనాదమ్మా. ఒక్కపాలి."

పెద్ద సారు కూడా నవ్వారు. నేను నిర్వచనం మళ్ళీ చెప్పాను. గబగబా చెప్పాను.

ఆ ఏడు ఆ అమ్మాయి అర్థశాస్త్రం పాసైంది, అత్తెసరు మార్కులతో. ఫలితాలొచ్చాక తరువాతి క్లాసులో ఆయన నమస్కారం పెట్టి, "మేడమ్‌గోరూ, గుంట గట్టెక్కినాదమ్మా" అన్నాడు. చాలా సంతోషం అన్నాను. ఆ వెంటనే మైక్ ఆపమన్నాను.

ఆఖరి ఏడాది క్లాసులు అయిపోయిన కొన్నాళ్ళకి గ్రూపులోకి ఒక మెసేజి వచ్చింది. పంపిన నంబరు ఆయన ఫోనుదే. నా ఫోన్లో ఆ నంబరుని అదే ఫోన్ కంపెనీ పేరుతో దాచుకున్నాను. ఒక క్షణం ఆయనే రాశాడనుకున్నాను.

"మా నాన్నగారు నిన్న కాలం చేశారు. క్లాసులో మీ అందరికీ ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి."

గాజువాక కుర్రాడు దండం బొమ్మ పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ పెట్టారు. ఆ పిల్ల తండ్రి పోయిన మర్నాడు కూర్చుని మాకు క్షమాపణ రాసుకుంది. నేను చాలాసేపు ఏదేదో టైపు చేసి, చెరిపేసి, చివరికి ఓం శాంతి అని పెట్టాను. చావింటికి వెళ్ళొచ్చు. హార్బర్‌కి మా సెంటర్ నుంచి ఒక్క ఆటో దూరం. వెళ్ళలేదు.

ఇదీ ఆయన గురించి నాకు తెలిసింది. ఎడిటింగ్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం ఆ అమ్మాయికి జవాబు రాశాను. ఉంది, వచ్చి విను అని. వారాంతపు సెలవు రోజున వచ్చింది. నల్లటి సల్వార్ కమీజు వేసుకుంది, చేతి వేళ్ళు నీళ్ళల్లో నానీ నానీ ముడతలు తేలి ఉన్నాయి. ఆఫీసు బయట మెట్ల దగ్గర నిలబడి, లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. టీ తాగుదామని పక్కన బడ్డీకి తీసుకెళ్ళాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, మీ నాన్న నీకు పాఠాలు ఎలా చెప్పేవారమ్మా అని అడిగాను.

"పొద్దున్న చెప్పీవోడు మేడమ్. నేను జడేసుకుంటుంటే ఆ వల ఒళ్ళో పెట్టుకుని కూకునీవోడు. ముడి పట్టుకుంటే గాని మాట గుర్తొచ్చీది కాదు. ఒక్కో ముడీ తడుముకుంటా మొదట్నుంచి చివరిదాకా సెప్పుకొచ్చీవోడు."

"మొత్తమా?"

"మొత్తం మేడమ్. మీరు నమస్కారం అన్న కాడ్నుంచి." కాస్త నవ్వింది. "ఏది పాటమో, ఏది కాదో ఆడికి తెలీదు కదా. అన్నీ సెప్పీవోడు. పరీక్షలో అవి కూడా రాసెత్తానేమో అని భయమేసీది."

"ఏవి?"

గ్లాసు కింద పెట్టింది. నేనడిగి ఉండకూడదు. అడిగాను కాబట్టి చెప్పింది, ఆయన చెప్పినట్టే, ఆయన గొంతు పెట్టి.

"ఇతరంసాలు ఎతాతతంగా ఉన్నప్పుడు దర పెరిగితే డిమాండు తగ్గుతాది. అంకులూ, ఇదేటి సేపల బజారా? నీ ఒక్కడి కోసరం కలాసంతా ఆపాలేటి? దర తగ్గితే డిమాండు పెరుగుతాది."

నేను ఆయన్ని మీరు అనే అన్నాను. భాష కూడా పుస్తకం భాషే. అది ఆయన చెవిలో పడి, రాత్రంతా వల ముడిలో ఉండి, పొద్దున్న కూతురి దగ్గరికి వెళ్ళేసరికి మా ఇంటి భాష అయిపోయింది. మా అమ్మ నన్ను తిడితే ఇలాగే ఉంటుంది. ఆ పిల్ల నోటి వెంట అది విని తలెత్తలేకపోయాను. పాఠంతో పాటు తనని తిట్టిన తిట్టు కూడా పొల్లు పోకుండా మోసుకెళ్ళి కన్నకూతురి ముందు దించాడు ఆ మనిషి. వాటాలో ఏదీ మిగుల్చుకోలేదు.

"నీకు కోపం రాలేదా?"

"వచ్చీది మేడమ్. ఇంక ఎల్లొద్దు, మనకి సిగ్గునేదా అని గొడవపడ్డాను. మా నాన్న ఊరుకోలేదు. మేడమ్‌గోరు మనోలేనే, పోన్లో ఆలమ్మతో మాటాడితే నాను ఇన్నాను, కలాసులో అలాగ మాటాడాల, అది ఆల ఉజ్జోగం, నువ్వు మనసులో ఎట్టుకోకు అన్నాడు."

టీ చల్లారిపోయింది. వైజాగే అని నేనన్నప్పుడు ఆయన తలూపి ఊరుకున్న తీరు గుర్తొచ్చింది. నా గుట్టు ఆయన కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అది కూడా నన్ను వెనకేసుకు రావడానికి చెప్పాడు.

లోపలికి వెళ్ళాం. ఎడిటింగ్ అమ్మాయి తీసిన పాఠం సరిగ్గా పెద్ద సారు చేరిన రోజుదే. తెర మీద నల్లటి గళ్ళు, ఒక మూల గడ్డం, ఆకాశం. కూతురు కుర్చీ అంచున కూర్చుంది. కాళ్ళ చెప్పులు విడిచి గుమ్మం దగ్గర పెట్టి వచ్చిందని అప్పుడు చూశాను. తండ్రి కూడా క్లాసున్నంతసేపు చెప్పులేసుకునేవాడు కాదట. మాకు గడ్డమే కనిపించేది గానీ కాళ్ళు కనిపించలేదు.

నా గొంతు నిర్వచనం చదువుతోంది. లారీ కూస్తోంది. ఆ మాట వచ్చే చోటు దగ్గరపడుతోందని నాకు తెలుసు. వినలేకపోయాను. కొంచెం ముందుకి జరపమ్మా అంటూ నేనే మౌస్ మీద చెయ్యి వేశాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ముడతలు పడ్డ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఉండనీండి మేడమ్. దాని ఎనకాలే మా నాన్న మాటుంది."

చెయ్యి తీసేశాను. ఇదేం చేపల బజారు కాదు అన్నాను నేను, స్పీకర్లలో, ముగ్గురికీ వినపడేలా. ఎడిటింగ్ అమ్మాయి నా వైపు చూసి చూపు తిప్పుకుంది. తర్వాత దారం ఊసిన చప్పుడైంది. ఔనమ్మా, సేపల బజారు అవతలుంది, అన్నాడు ఆయన. కూతురు పెదాలు ఆయనతో పాటే కదిలాయి.

ఆ పాఠంలో ఏదీ కోయించలేదు. ఎడిటింగ్ అమ్మాయి రెండుసార్లు అడిగింది, మీకే బాగుండదేమో మేడమ్ అని. బాగుండదు నిజమే. యాప్‌లో ఇప్పుడు అలాగే ఉంది. పాడేరు అవతల ఎవరో తెలియని పిల్ల వింటుంటుంది. ముందు నా మాట వస్తుంది. అది విన్న తర్వాతే ఆయన మాట వస్తుంది.